వినతిపత్రం ఇచ్చేదీ ఆయనే, పుచ్చుకునేదీ ఆయనే

కార్మిక నాయకుడు మంత్రి కావడం మన దేశంలో వింతేమీ కాదు. మంత్రి అయ్యాక కార్మికుల కోసం ఆ పదవిని వదులుకోవడం వింత. అది 1954 ఆగస్టులో ఒకసారి జరిగింది. వదులుకున్నాయన మనవాడే, వరాహగిరి వెంకటగిరి. తర్వాతి తరాల నాయకులు ఆ సంఘటనను క్షుణ్ణంగా పరిశీలించి, అలాంటి పొరపాటు మళ్లీ జరగకుండా గట్టి జాగ్రత్తలు తీసుకున్నారు.

అసలు గిరిగారి బయోడేటా మొదటి నుంచీ అనుమానాస్పదమే. బరంపురంలో పేరున్న వకీలు జోగయ్య పంతులుగారి కొడుకు. 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. బుద్ధిగా చదువుకుని తిరిగొచ్చి జమీందార్ల దావాలు పట్టుకుంటే రెండు తరాలు కూర్చుని తినొచ్చు. ఆయనేమో ఐరిష్ స్వాతంత్ర్య యోధులతో సావాసం పట్టారు. 1916లో అక్కడ ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. దాని నాయకుల్లో ఒకరైన జేమ్స్ కానొలీ యూనియన్ నాయకుడు. గాయాలతో లేచి నిలబడలేని ఆయన్ని బ్రిటిష్ సైన్యం కుర్చీకి కట్టి మరీ కాల్చి చంపింది. యూనియన్ నాయకుడికి కుర్చీ వేయడంలో ప్రభుత్వాలకు అప్పటికింకా అనుభవం చాలదు. కూర్చోబెట్టాక కాల్చాల్సిన పనే ఉండదని తర్వాత తెలిసొచ్చింది.

అదే ఏడాది గిరిగారిని కూడా ఐర్లండ్ విడిచి వెళ్లమన్నారు. ఊరికొచ్చి ప్లీడరీ పెట్టి, దాన్నీ నిలబెట్టుకోకుండా స్వాతంత్ర్యోద్యమంలోకీ రైలు కార్మికుల్లోకీ దిగిపోయారు. మన వాల్తేరు దాకా పట్టాలున్న బెంగాల్ నాగపూర్ రైల్వేలో యూనియన్ నడిపారు. ఖరగ్‌పూర్‌లో మనుషుల్ని తీసేస్తామంటే సమ్మెలో ముందు నిలిచారు. 1920ల్లో అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ పుట్టినప్పుడు దాన్ని స్థాపించినవారిలో ఒకరు. పదేళ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శి. ఈ ఫెడరేషన్ పేరు కాస్త గుర్తుంచుకోండి, ముందుముందు దీంతో పనుంది. ఏఐటీయూసీకి రెండుసార్లు అధ్యక్షుడు కూడా. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజావారినే ఓడించారు. బొబ్బిలి కోట మీదికి 1757లో బుస్సీ ఫిరంగులు తెచ్చుకోవాల్సి వచ్చింది. గిరిగారికి బ్యాలెట్ పెట్టె సరిపోయింది. ఆ వెంటనే మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలోనూ ఉన్నారు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూగారి ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. అప్పటికి బ్యాంకు ఉద్యోగుల జీతాల గొడవ ముదిరి ఉంది. శాస్త్రి ట్రైబ్యునల్ ఒక అవార్డు ఇచ్చింది. దాని మీద అప్పీలు వెళ్తే అప్పిలేట్ ట్రైబ్యునల్ ఉద్యోగులకు ఇంకాస్త మేలు చేసింది. బ్యాంకులు గగ్గోలు పెట్టాయి. ప్రభుత్వం ఆ తీర్పును సవరించి ఉద్యోగులకు వచ్చిందాంట్లో కోత పెట్టింది. కార్మిక మంత్రిగారు ఆ కోతకు నేను బాధ్యుణ్ణి కానని రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశారు.

ఇదే గొడవ ఇప్పటి మంత్రిగారి టేబుల్ మీదికొస్తే ఎంత ఒద్దికగా నడిచేదో చూడండి. సాయంత్రం నాలుగింటికి ప్రెస్‌మీట్. వెనక ఫ్లెక్సీ మీద ముఖ్యమంత్రిగారి ముఖం నిలువెత్తు, మంత్రిగారిది తపాలా బిళ్లంత. మైకు రెండుసార్లు కొట్టి చూసి, "నేనూ కార్మికుడి బిడ్డనే" అని మొదలు. గొంతు కొద్దిగా బొంగురుపోవాలి. ఉద్యోగుల సమస్యల పట్ల ప్రభుత్వం సానుకూలంగా ఉంది, చర్చలకు తలుపులు తెరిచే ఉన్నాయి, అధికారులతో ఒక కమిటీ వేశాం. విలేకరి ఎవరైనా కోత సంగతేమిటని అడిగితే, అది కోత కాదు హేతుబద్ధీకరణ. మళ్లీ అడిగితే, సమ్మె వెనక కొన్ని శక్తులున్నాయని మా దగ్గర సమాచారం ఉంది. మూడోసారి అడిగితే టీ వచ్చేస్తుంది. రాత్రికి బులెటిన్, పొద్దున్నే మూడో పేజీలో రెండు కాలమ్‌లు. కమిటీ ఛైర్మన్ రిటైరయ్యేలోపు ఎన్నికలు వస్తాయి. ఇందులో రాజీనామాకు చోటెక్కడుంది?

పోనీ, గిరిగారు తప్పుకున్నాక ఆ కుర్చీ మేనేజిమెంటు మనిషి చేతిలోకి పోయిందా అంటే లేదు. ఖండూభాయ్ దేశాయ్ వచ్చారు, ఆయనా యూనియన్ నాయకుడే, ఐఎన్‌టీయూసీ మనిషి. ఆయన తర్వాత గుల్జారీలాల్ నందా, ఆయన అహ్మదాబాద్ మిల్లు కార్మికుల సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపినవారు. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు యూనియన్ నాయకులు కార్మిక మంత్రులయ్యారు. బ్యాంకు గొడవ మాత్రం జడ్జి గజేంద్రగడ్కర్ కమిషన్ దాకా పోయి గానీ చల్లారలేదు.

ఇక రాజీనామాకు ప్రతిఫలం. 1957లో పార్వతీపురం నుంచి గిరిగారు మళ్లీ నిలబడ్డారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక సీటు గిరిజనులకు రిజర్వు, ఒకటి జనరల్. లెక్కపెడితే రెండు సీట్లూ ఇద్దరు గిరిజన అభ్యర్థులకే పోయాయి, గిరిగారు కొన్ని వందల ఓట్ల తేడాతో ఓడిపోయారు. జనరల్ సీటును గిరిజన అభ్యర్థికెలా ఇస్తారని కోర్టుకెళ్లారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడికి జనరల్ సీటు ఇవ్వడం సబబేనని 1959లో సుప్రీంకోర్టు తేల్చేసింది. (కార్మికుల సమానత్వం కోసం జీవితమంతా పోరాడినాయన వేసిన దావా ఇది. చరిత్రకు వేళాకోళమంటే మహా సరదా.) తీర్పు వచ్చేనాటికి ఆయన లక్నో రాజ్‌భవన్‌లో ఉత్తరప్రదేశ్ గవర్నరు. ఆ తర్వాత కేరళ, మైసూరు, ఉపరాష్ట్రపతి భవనం. రాజీనామా ఇచ్చే అలవాటున్న మనిషిని రాజీనామాతో పెద్దగా పని పడని చోట్ల కూర్చోబెట్టడం ఢిల్లీకి తెలిసిన విద్య.

అయినా అలవాటు పోలేదు. 1969 జులైలో తాత్కాలిక రాష్ట్రపతిగా ఉంటూ ఆ పదవికీ రాజీనామా చేసి, రాష్ట్రపతి ఎన్నికకు ఇండిపెండెంటుగా నిలబడ్డారు. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు. ఇద్దరూ తెలుగువాళ్లే. ఇందిరమ్మ అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమన్నారు. దాంతో అప్పటిదాకా అధిష్ఠానం చెప్పినట్టు వేసినవాళ్లంతా లోపల ఆ వస్తువు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికినవాళ్లు దొరికినట్టు వేశారు. మొదటి లెక్కలో ఎవరికీ మెజారిటీ రాలేదు. మూడో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్ ఓట్లలోని రెండో ప్రాధాన్యాలు లెక్కపెడితే గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 వచ్చాయి. 1954లో బ్యాంకు జీతాలకు కోత పెట్టిన ప్రభుత్వంలో ఆర్థికమంత్రి ఎవరో కాదు, ఈ దేశ్‌ముఖ్‌గారే.

కార్మిక నాయకుడి ప్రయాణం ఇక్కడ ఆగిపోతే మన పాఠ్యపుస్తకాలకు చక్కగా సరిపోయేది. కానీ 1974 మే వచ్చింది. మే 8న రైల్వే సమ్మె మొదలైంది. దాదాపు 17 లక్షల మంది పని ఆపారు. నడిపించింది అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. ఇందాక గుర్తుంచుకోమన్నది ఈ ఫెడరేషన్ పేరే. నాయకుణ్ణి సమ్మెకు ముందే లోపలేశారు. వేలమంది అరెస్టయ్యారు, ఉద్యోగాలు ఊడాయి, క్వార్టర్ల నుంచి కుటుంబాలను వీధిలోకి తోశారు. మే 27న యూనియన్లు బేషరతుగా సమ్మె విరమించుకున్నాయి. మన రాజ్యాంగం ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఏ పని చేసినా రాష్ట్రపతి పేరు మీదే చేస్తుంది. ఆ రోజుల్లో రాష్ట్రపతి వి.వి.గిరి, ఆ ఫెడరేషన్ వ్యవస్థాపకుల్లో ఒకరు. పదవీకాలం ఇంకా మూడు నెలలు ఉంది. ఈసారి రాజీనామా రాలేదు. బ్యాంకు గుమస్తాల జీతం కోసం మంత్రి పదవి వదిలినాయన, తను పెంచిన రైలు యూనియన్ మీద లాఠీ విరుగుతుంటే ఆగస్టు 24 దాకా ఆగి మామూలుగా దిగారు. అన్నిటికంటే పెద్ద కుర్చీ కదా, లేవడం కష్టమే అయ్యుంటుంది. మరుసటి ఏడాది భారతరత్న ఇచ్చారు.

సమ్మె నడిపి జైలుకెళ్లిన జార్జిగారి కథ ఇంకో రకం. 1977లో జైల్లో ఉండే ముజఫర్‌పూర్ నుంచి గెలిచి పరిశ్రమల మంత్రి అయ్యారు, కోకాకోలాను సాగనంపారు. 1979 జులైలో మొరార్జీ ప్రభుత్వాన్ని సమర్థిస్తూ లోక్‌సభలో గంటల తరబడి గొప్పగా మాట్లాడి, ఆ తర్వాత రోజుల్లోనే దాన్నుంచి బయటికొచ్చేశారు. 1989లో ఏకంగా రైల్వే మంత్రి, రైళ్లు ఆపిన చేత్తోనే పచ్చజెండా. (కొంకణ్ రైల్వేకు ఊపిరి పోసింది ఆ సమయంలోనే, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.) 1974 మే 18న, సరిగ్గా సమ్మె నడుమ, ఇందిరమ్మ పోఖ్రాన్‌లో అణుపరీక్ష చేయించారు. అప్పుడు జార్జిగారు జైల్లో. 1998 మేలో అక్కడే మళ్లీ పేలినప్పుడు ఆయన రక్షణమంత్రి.

ఈ ఇద్దరూ పాతకాలం మనుషులు. కింద మొదలై మీదికెక్కారు, ఎక్కే దారిలో జైళ్లు చూశారు. ఇప్పుడు మనవాళ్లు దగ్గరి దారి కనిపెట్టారు. ముందు మంత్రి కావాలి, తర్వాత యూనియన్ నాయకత్వం దానంతటదే వస్తుంది. ఆర్టీసీలో, సింగరేణిలో యూనియన్లకు అధికార పార్టీ మంత్రులు, ఎంపీలు గౌరవాధ్యక్షులుగా కూర్చోవడం మనం చూసిందే. సౌకర్యం ఏమిటంటే, వినతిపత్రం ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకరే. ఎడమచేత్తో ఇచ్చి కుడిచేత్తో తీసుకుని పీఏకి అందిస్తే సరి. ఫొటోకి ఒక్క మనిషి చాలు, దండ ఖర్చు కూడా సగం. తీరా 2019 అక్టోబరులో తెలంగాణ ఆర్టీసీలో దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగితే, డ్యూటీకి రానివాళ్లు తమను తామే డిస్మిస్ చేసుకున్నట్టని ప్రభుత్వం సెలవిచ్చింది. యాభై రోజులు దాటాక గానీ మళ్లీ డిపో గేటు తెరవలేదు.

ఆంధ్రాలో ఇంకో ముచ్చట. అంగన్‌వాడీ కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు ఇస్తూ, అది జీతం కాదు, గౌరవ వేతనం, మీరు ఉద్యోగులు కారు అని చెప్పే ప్రభుత్వం, వాళ్లు సమ్మె చేస్తే 2024 జనవరిలో ఎస్మా పెట్టింది. ఇచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవ, ఆపేటప్పుడు అత్యవసర సేవ.

ఇక 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వీటి ప్రకారం ఏ సంస్థలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసివ్వాలి. రాజీ చర్చలు నడుస్తున్నంతకాలం సమ్మె కుదరదు. సగం మందో అంతకంటే ఎక్కువమందో కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. యజమానులూ కార్మికులూ ముఖాముఖి కూర్చుని బేరమాడుకోవాలి, కోర్టుల చుట్టూ తిరగడం మానాలి అని మంత్రిగా గిరిగారు పట్టుబట్టేవారు. ఆ పద్ధతి అప్పట్లో యూనియన్లలోనే చాలామందికి రుచించలేదు. ఇప్పుడు నోయిడాలో వి.వి.గిరి జాతీయ కార్మిక సంస్థ అని ఆయన పేరుతో ఒక భవనం ఉంది. కేంద్ర కార్మిక శాఖ కిందే నడుస్తోంది.

కాబట్టి అయ్యా, అమ్మా, ఈసారి యూనియన్ నాయకుడెవరైనా మీ గడపకు ఓటడగడానికొస్తే మేనిఫెస్టో అడక్కండి. మంత్రి అయ్యాక, ఎవరి జీతంలో ఎంత కోత పెడితే రాజీనామా చేస్తారో తెల్ల కాగితం మీద ముందే రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకోండి.