రక్తగూడు కాదు, రెట్టగూడు

మళ్ళీ ఎర్ర గూళ్ల కాలం వచ్చింది, స్విఫ్ట్‌లెట్ అనే పిట్ట ఉమ్మితో కట్టుకుంటే మనుషులు ఒలిచి సూపు కాచుకునే గూళ్లు. తెల్ల గూడు సూపు తాగితే ఒంటికి నిగారింపేనట, ఎర్ర గూడుదైతే సాక్షాత్తూ యవ్వనమేనట. "అసలైన రక్తగూడు" అన్న ముద్ర ఉంటే చాలు, ధర ఎవరూ అడగరు. ఆ రక్తం ఎవరిదయ్యా అంటే పిట్టదట. మొదటి గూడు ఒలుచుకుపోతే స్విఫ్ట్‌లెట్ రెండోది కడుతుంది, దాన్నీ ఒలుచుకుపోతే ఉమ్మి అయిపోయి మూడోదాన్ని నెత్తురు కక్కి కడుతుంది. ఇదీ కథ. ఆ పిట్ట బరువు 15 నుంచి 18 గ్రాములు. ఒంట్లో నెత్తురంతా పిండినా టీ చెంచా నిండదు. అందులో సగం కక్కినా ఆ పిట్ట గుడ్లు పెట్టదు, చస్తుంది. పైగా నెత్తురు ఆరితే గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ గూళ్లు మాత్రం నెలల తరబడి పెట్టెల్లో ఉన్నా ఎర్రగానే ఉంటాయి.

సరే, కథ నిజమే అనుకుందాం. రెండుసార్లు ఇల్లు దోచి, మూడోసారి నెత్తురు కక్కేదాకా పీడించి, ఆ కక్కినదాన్ని ఎక్కువ డబ్బు పోసి కొనుక్కునే మనిషిని ఏమనాలి? అమ్మేవాడు దీన్ని దాచడు, గొప్పగా చెప్పుకుంటాడు. పిట్ట బాధనే నాణ్యతగా చూపిస్తాడు. కొనేవాడికి జాలి వేయదు, నోరూరుతుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కథ అబద్ధం కాబట్టి పిట్ట పట్ల ఆ ఒక్క పాపం జరగలేదు గానీ, నమ్మి కొన్నవాడి మనసు మాత్రం బయటపడిపోయింది.

అసలు సంగతి గుహల్లోనూ పిట్టలు గూళ్లు పెట్టేందుకు కట్టిన ఇళ్లలోనూ కింద పేరుకునే రెట్టలో ఉంది. 2013లో హాంకాంగ్ పరిశోధకులు తెల్ల గూళ్లకు సోడియం నైట్రైట్ కలిపిన ఆమ్లం ఆవిరి పట్టిస్తే ఎర్రబడ్డాయి, రెట్ట కలిసిన మట్టి ఆవిరికీ ఎర్రబడ్డాయి. 2018లో సింగపూర్ నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు కారణం తేల్చారు. రెట్ట నుంచి లేచే నైట్రోజన్ సమ్మేళనాలు గూటి ప్రొటీన్‌లోని టైరోసిన్‌ను పట్టుకుని నైట్రోటైరోసిన్‌గా మారుస్తాయి. అది ఆమ్లంలో పసుపుపచ్చగా, క్షారంలో ఎర్రగా కనిపిస్తుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టు. ఇనుము వల్లే ఎరుపంటారు కొందరు. అలాగైతే రెట్ట ఆవిరికి తెల్ల గూడెందుకు ఎర్రబడినట్టు?

సహజమే కదా, తప్పేముందని ఇంకొందరి వాదన. రెట్టా సహజమే. ఆ ముక్క పెట్టె మీద అచ్చేసి అమ్మండి, చూద్దాం. ఆ ఎరుపుతో పాటు నైట్రైటూ వస్తుంది. 2011లో చైనా అధికారులు మలేషియా ఎర్ర గూళ్లలో నైట్రైట్ మోతాదు మించి ఉందని పట్టుకుని దిగుమతులు ఆపేశారు, తర్వాత కిలోకు 30 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. నానబెట్టి కడిగితే నైట్రైట్ పోతుందిగా అంటారు. నిజమే, చాలావరకు పోతుంది. రంగు మాత్రం పోదు, అది ప్రొటీన్‌నే అంటుకుని ఉంది. ఎంత కడిగినా వదలని ఆ రెట్ట మరకకే అదనపు ధర.