గాలిబండి: టీకా తాత్పర్య సహితం

తే. కప్పుఁ దీసిన బరువెక్కు గాలిబండి
పడవ వంటిది పొడవున, బారు మూతి
ఒక్క వేలితోఁ ద్రిప్పంగ నూరు చూడఁ
జమురు పీల్చుచు మెల్లగాఁ జనుచునుండు.

అవతారిక

మెదక్ దగ్గరి కొల్చారం ఊరివాడైన మల్లినాథసూరి కాళిదాసుకు టీకలు రాస్తూ, మూలంలో లేని మాట ఒక్కటీ రాయనని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. నాకా ఇబ్బంది లేదు. పద్యమూ నాదే, టీకా నాదే. మూలంలో లేనిదేదైనా చెప్పాలనిపిస్తే మూలాన్నే సవరించుకుంటాను.

ప్రస్తుత విషయం 1960ల నాటి అమెరికన్ కన్వర్టిబుల్. కాడిలాక్ డివిల్, లింకన్ కాంటినెంటల్, బ్యూక్ ఎలెక్ట్రా, పాంటియాక్ బోనెవిల్, షెవర్లే ఇంపాలా వగైరా. ఇద్దరే మోకాళ్లు ముడుచుకుని కూర్చునే చిన్న స్పోర్ట్స్ కార్లు ఈ ప్రకరణంలోకి రావు. ఇవి ముందు ముగ్గురు, వెనక ముగ్గురు సోఫా సీట్ల మీద చేరగిలబడి కూర్చునే సంసారపక్షపు బళ్లు. టీకాకారుడి నివాసం మిషిగన్. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ ఊరికి పోయే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచి ఏటా ఆగస్టులో పాత కార్ల తిరునాళ్ల జరుగుతుంది. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలోని మన తెలుగువాళ్లలో చాలామందికి అన్నం పెట్టేది కార్ల కంపెనీలే. ఆ రోజు వాళ్లూ మడతకుర్చీలు, పులిహోర డబ్బాలు పట్టుకుని రోడ్డు వారన చేరతారు. పద్యం పుట్టింది అక్కడే.

ప్రతిపదార్థం

కప్పున్ = నెత్తిమీది టాపును; తీసినన్ = తీసివేస్తే; బరువెక్కు = మరింత బరువయ్యే; గాలిబండి = గాలి తినడానికని కొన్న కారు; పొడవునన్ = నిడివిలో; పడవ వంటిది = పడవలాంటిది; బారు మూతి = ఎక్కడ అంతమవుతుందో డ్రైవరు ఊహించుకోవలసిన బానెట్ గలది; ఒక్క వేలితోన్ = చూపుడువేలితో (చిటికెనవేలని పాఠాంతరం); త్రిప్పంగన్ = స్టీరింగు తిప్పుతుండగా; ఊరు = ఊళ్లో జనం; చూడన్ = కళ్లప్పగించి చూస్తుండగా; చమురు = పెట్రోలు; పీల్చుచున్ = తాగుతూ; మెల్లగాన్ = ఎవరినీ లెక్కచేయని నిదానంతో; చనుచునుండు = పోతూ ఉంటుంది.

తాత్పర్యం

కప్పు లేని పెద్ద కారొకటి జనం చూస్తుండగా నిదానంగా పోతోంది. ఇంతకు మించి పద్యంలో ఏమీ లేదు. వ్యాఖ్యాతల బతుకుతెరువంతా ఆ ‘మించి’లోనే ఉంది కాబట్టి విశేషాల్లోకి పోదాం.

విశేషాలు

కప్పుఁ దీసిన బరువెక్కు. వినగానే కవికి మతి తప్పిందనిపిస్తుంది. ఉన్నది తీసేస్తే తగ్గాలి గానీ పెరగడమేమిటి? ఇక్కడ తీయడమంటే రోడ్డు పక్కన ఆపి గుడ్డ మడవడం కాదు, ఫ్యాక్టరీలోనే ఉక్కు కప్పు లేకుండా కట్టడం. ఉక్కు కప్పు ఎండకూ వానకూ మాత్రమే వేసింది కాదు. కారు ఒళ్లు మెలిక పడకుండా పైనుంచి బిగించి పట్టుకునేది అదే. అది లేకపోతే చక్రం గతుకులో పడ్డప్పుడల్లా ముందు అద్దం చట్రం వణుకుతుంది, తలుపులు కిర్రుమంటాయి. అందుకని అడుగున అదనపు ఉక్కు దూలాలు వేసి, తలుపుల కింది గడపలు దిట్టంగా చేసి, పైన పోయిన బలాన్ని కింద పోగుచేశారు. 1961 లింకన్ కాంటినెంటల్‌లో సెడాన్ కంటే కన్వర్టిబుల్ సుమారు 300 పౌండ్లు ఎక్కువ తూగింది. మొత్తం 5,200 పౌండ్ల పైమాటే, అంటే 2,350 కిలోలు దాటింది. పైకి విరోధంగా కనపడి, విచారిస్తే విరోధం లేనిది కాబట్టి ఇది విరోధాభాసాలంకారం. ఆలంకారికులు వల్లించే ఉదాహరణల్లో ఇంత తూకం ఉన్నది ఇంకొకటి లేదు.

ఇక గుడ్డ టాపును దించే విధానం. సామాన్యుల బళ్లలో ముందు అద్దం పైన అటొకటి ఇటొకటి గొళ్లేలు ఉంటాయి. వాటిని విప్పాలి. వెనక ప్లాస్టిక్ కిటికీకి జిప్పు ఉంటే అదీ తీయాలి, లేదంటే మడతపడ్డ చోట చార వచ్చి, రెండేళ్లకు పసుపుపచ్చగా తిరిగి, వెనక వచ్చే లారీ కూడా మబ్బులో చందమామలా కనపడుతుంది. అప్పుడు స్విచ్చు నొక్కితే వెనక సీటు చాటున పంపు గుర్రుమంటుంది, ఇనుప చట్రం లేస్తుంది, ఒంగుతుంది, గూట్లోకి కూలబడుతుంది. అమ్మకాల కరపత్రంలో బొమ్మ ఇక్కడితో అయిపోతుంది. నిజంగా పని మొదలయ్యేది తర్వాతే. మడిచిన టాపు మీద వినైల్ ముసుగు వేసి చుట్టూ టిచ్ బటన్లు నొక్కాలి. ఎండకు బిగుసుకున్న వినైల్‌ను లాగి లాగి నొక్కేసరికి బొటనవేలి గోరు తెల్లబడుతుంది. ఆఖరి బటన్ తన జత కంటే ఎప్పుడూ అరంగుళం ఇవతలే ఉంటుంది. వుడ్‌వర్డ్ మీద చాలామంది ఆ ముసుగును ఇంట్లో వదిలేసే వస్తారు. సంప్రదాయవాదులు వాళ్లను పంక్తి బాహ్యులుగా చూస్తారు.

లింకన్ ఘనత వేరు. దాని డిక్కీ మూతకు కీలు వెనక ఉంటుంది, తెరుచుకునేది ముందు అంచు. స్విచ్చు నొక్కగానే మూత పైకి లేచి, టాపు మొత్తం డిక్కీలోకి దిగి, మూత మళ్లీ పడుతుంది. మడత అన్నది బయటికి కనపడదు. మోటార్లు, హైడ్రాలిక్ పంపులు, రిలేలు, లిమిట్ స్విచ్చులు ఒకదాని పని అయ్యాక ఒకటి అందుకోవాలి. నడిమధ్య ఒక్క స్విచ్చు అలిగిందా, కప్పు ఆకాశంలోనూ డిక్కీ నోరు తెరుచుకునీ నిలబడిపోతాయి. వెనక తలుపులకూ కీళ్లు వెనకవైపే. తలుపు తీయబోతే దాని అద్దం తనంతట తాను కాస్త కిందికి దిగి దారి ఇస్తుంది. ఇంత మర్యాద తెలిసిన కారులో, టాపు దించాక సూట్‌కేసు పెట్టుకోవడానికి చోటు ఉండదు. ఎక్కడికైనా వెళ్లేవాళ్లకు కదా సూట్‌కేసు! ఈ మాట మూడో పాదానికి పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

రెండో పాదం చివర ‘మూతి’, మూడో పాదం మొదట ‘ఒక్క’. మధ్య యడాగమం రావాలి, కవి చేయలేదు. విసంధి దోషమని పండితులు పట్టుకుంటారు. ముందు అద్దం చట్రానికీ గుడ్డ టాపు అంచుకూ మధ్య సంధి కూడా ఇలాంటిదే. వాన వచ్చినప్పుడు డ్రైవరుకు ఎడమ తొడ మీద తెలుస్తుంది. అక్కడ కొత్త రబ్బరు పట్టీ వేస్తే కొన్నాళ్లు ఆగుతుంది, పద్యానికి ఆ సదుపాయం లేదు.

పడవ వంటిది. పూర్ణోపమ. ఉపమానం, ఉపమేయం, సమానధర్మం, ఉపమావాచకం నాలుగూ హాజరు. బ్యూక్ వాళ్లు 1959లో ఎలెక్ట్రా 225 అని పేరు పెట్టిన కారులో ఆ 225 ఏమిటంటే అంగుళాల్లో దాని పొడవు. పద్దెనిమిది అడుగుల తొమ్మిది అంగుళాలు. పద్యంలో అతిశయోక్తి ఎందుకు లేదని అడిగేవారికి ఇదే జవాబు. డెట్రాయిట్ కంపెనీలు కవికి ఏమీ మిగల్చలేదు.

ఒక్క వేలితో. పవర్ స్టీరింగు. రోడ్డు ఎలా ఉందో చేతికి ఏ కబురూ చేరదు. దాన్ని అప్పట్లో సుఖం అన్నారు.

నూరు చూడ. పద్యంలో అసలు తగువు ఇక్కడ. త్రిప్పంగన్, ఊరు అని విడదీస్తే ఊళ్లోవాళ్లు చూస్తుండగా అని అర్థం. త్రిప్పంగ, నూరు అని విడదీస్తే స్పీడోమీటరు ముల్లు నూరు చూస్తుండగా అని. ఈ కార్లలో చాలావాటి స్పీడోమీటర్ల మీద 120 మైళ్ల దాకా అంకెలు ఉన్నమాట నిజం, అందుకు తగ్గ ఇంజన్ ఉన్నమాటా నిజమే. కుర్రకారు వ్యాఖ్యాతలు రెండో అర్థమే పట్టుకుంటారు. వాళ్లు నాలుగో పాదంలో ‘మెల్లగా’ అన్న మాట చూడలేదు. పైగా ఆ రోజుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. రెండు టన్నులకు పైగా బరువును నూరు మైళ్ల వేగం నుంచి వాటితో ఒకసారి ఆపినవాడు రెండోసారి ఈ పదవిభాగం జోలికి రాడు.

కాబట్టి ఊరు చూడ అన్నదే సాధుపాఠం, ఈ బండి మీద మోజుకు కీలకమూ అదే. బ్రహ్మోత్సవాల్లో స్వామివారి వాహనం ఎక్కడికీ చేరనక్కర్లేదు. మాడవీధులు తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. త్వరగా తిప్పేశారని ఎవరైనా మెచ్చుకుంటే అది తిట్టే అవుతుంది. వుడ్‌వర్డ్ మీద ఈ కార్లూ అంతే, ఉత్తరానికి పోయి, వెనక్కి తిరిగి దక్షిణానికి వస్తాయి. మామూలు కారులో మనిషి నీడచాటున ఉంటాడు, జనం కారును చూస్తారు. కప్పు తీసిన కారులో వాళ్లు చూసేది లోపలి మనిషిని, పక్కన కూర్చున్నామెను, ఆమె తలకు కట్టుకున్న రుమాలును, వెనక సీట్లో కాళ్లు అందక ఆడిస్తున్న మనవణ్ణి. అందుకే అమెరికాలో ఊరేగింపులకు, పరేడ్లకు ఇవే కావాల్సి వచ్చాయి. ఊళ్లో అందాల పోటీ గెలిచిన అమ్మాయి, మేయరు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన వీరుడు, అందరూ మడిచిన టాపు ముందు, సీటు వీపు మీద కూర్చుని చేతులు ఊపినవారే.

ఈ మాటకు ఒక చేదు ఉదాహరణ చెప్పక తప్పదు. 1963 నవంబరు 22న డల్లాస్‌లో అధ్యక్షుడు కెనడీ ఎక్కినది 1961 మోడల్ లింకన్ కాంటినెంటల్ కన్వర్టిబుల్. సిన్సినాటీలోని హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ సంస్థ దాని పొడవు పెంచి అధ్యక్షుడి వాహనంగా మార్చింది. దానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పు ఉండేది, తూటాను ఆపేది మాత్రం కాదు. పొద్దుట వాన వెలిసి ఎండ రావడంతో ఆ రోజు దాన్ని బిగించలేదు. ఆయన జనానికి కనపడాలి, జనం ఆయన్ను చూడాలి. తర్వాత ఆ కారుకే శాశ్వతమైన కప్పు, కవచం అమర్చి 1977 దాకా వాడారు. ఇప్పుడది డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. మన పిల్లల్ని స్కూళ్ల నుంచి తీసుకెళ్తారు. వాళ్లు దాని ముందు నిలబడి మొదట అడిగేది, కప్పు ఉంది కదా, అప్పుడు ఎందుకు లేదు అనే. టీకాకారుడు ఈ ప్రశ్నకు టీక రాయడు.

చమురు పీల్చుచు. స్వభావోక్తి. పైన చెప్పిన లింకన్ ఇంజన్ ఏడు లీటర్లది, ఎనిమిది సిలిండర్లది. భాగించి చూడండి, అందులో ఒక్కో సిలిండరూ మన మారుతి 800 ఇంజన్ మొత్తం కంటే పెద్దది. గ్యాలన్‌కు పది మైళ్లు వస్తే ఇంటిల్లిపాదీ సంతోషించారు. అప్పుడు గ్యాలన్ పెట్రోలు 30 సెంట్లకు అటూ ఇటూ. 1956 చట్టంతో దేశమంతా ఇంటర్‌స్టేట్ రహదారులు పడుతున్నాయి. చమురు అయిపోతుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు, వచ్చినవాళ్లు దాన్ని పైకి అనలేదు. ఈ కార్ల ధీమా, ఆ వెడల్పు, ఆ క్రోమియం తళతళ, అంతా ఆ 30 సెంట్ల మీద నిలబడింది.

విజయవాడ నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయన తెల్ల కాడిలాక్ దగ్గర ఆగి, “మైలేజీ ఎంతిస్తుందో కనుక్కో బాబూ” అన్నారు. అల్లుడు మొహమాటపడుతూనే అడిగాడు. యజమాని, గాలి వాటంగా ఉంటే గ్యాలన్‌కు పది మైళ్లన్నాడు. అల్లుడు మనసులో లెక్క కట్టుకుని, “లీటరుకు నాలుగు కిలోమీటర్లు మావయ్యగారూ” అన్నాడు. ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి, “తాగితే తాగిందిలే. ఆ ఒంటికి ఆ మాత్రం కావాలి” అన్నారు. ఈ పాదానికి ఇంతకంటే మంచి వ్యాఖ్య నాకు చేతకాదు.

ప్రక్షిప్త విచారం. 1960ల మధ్యలో ఉచ్చదశ చూసిన ఈ బళ్లు తర్వాతి దశాబ్దంలో కనుమరుగయ్యాయి. ఎయిర్ కండిషనర్ వచ్చింది, ఫ్రీవే వేగంలో గాలి తినడం కాస్తా గాలి కొట్టించుకోవడమైంది, పల్టీ కొడితే ఏమిటన్న భయంతో కొత్త నిబంధనలు వస్తాయన్నారు, 1973లో అరబ్ దేశాలు చమురు బిగపట్టాయి. 1976లో కాడిలాక్ ఎల్డొరాడోను చిట్టచివరి అమెరికన్ కన్వర్టిబుల్‌గా చెప్పి అమ్మారు. ఆఖరి 200 తెల్లరంగువి. జనం ఎగబడి కొని పెట్టెలో నగల్లా దాచుకున్నారు. 1982లో క్రైస్లర్ మళ్లీ కప్పు తీసింది, 1984లో ఎల్డొరాడోకూ కప్పు పోయింది. ‘చివరిది’ కొన్నవాళ్లు కొందరు కోర్టుకెక్కారు. శాశ్వత సత్యాలు పలికేటప్పుడు కవులు జాగ్రత్తపడతారు, సేల్స్ విభాగం వాళ్లకు ఛందస్సు అడ్డు లేదు.

జనుచునుండు. నిత్యత్వాన్ని తెలిపే క్రియ, ఆగకుండా పోతూనే ఉంటుందని. దీని మీద ప్రత్యక్ష విరోధమనే ఆక్షేపణ ఉంది. ఆగస్టు ఎండలో, బారులు తీరిన ట్రాఫిక్‌లో గంటకు పది మైళ్లు నడిస్తే ఏడు లీటర్ల ఇంజన్‌కు ఊపిరాడదు. మధ్యాహ్నానికి వారగా ఆగి, బానెట్ ఎత్తి, రేడియేటర్ నుంచి ఆవిరి కక్కుతున్న ఇంపాలాలు కనపడుతూనే ఉంటాయి. ఆగిన బండికి ‘చనుచునుండు’ ఎలా పొసగుతుందో నాకు అర్థం కాక, అలా ఆగిన ఒక యజమానినే అడిగాను. అప్పటికే కారు చుట్టూ పాతిక మంది మూగి ఫొటోలు తీసుకుంటున్నారు. నడుస్తున్నప్పుడు అంతమంది ఎప్పుడూ రాలేదట. చల్లారాక వెళ్తారా అని అడిగితే, తొందరేముందన్నాడు.