వంద శాతం

హైదరాబాద్ ధూల్‌పేట్‌లో వినాయక చవితి పని చవితికి నెలల ముందే మొదలవుతుంది. సందుల మీద టార్పాలిన్లు కట్టేస్తారు. అచ్చుల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, అదే ప్లాస్టర్‌లో ముంచిన కొబ్బరి పీచు పరిచి, ఆరాక విగ్రహాన్ని బయటికి తీస్తారు. పాత రూపమైతే అచ్చు ఉండనే ఉంటుంది. కొత్త రూపం కావాలంటే ముందు మట్టితో చెయ్యాలి, దానికి కొలతలు కావాలి. గిరాకీలు మాత్రం ఫోన్‌లో ఒక ఫొటో చూపించి, "గిట్లనే కావాలె, ఆరడుగులు" అని బయానా ఇచ్చి వెళ్లిపోతారు.

అలాంటి ఒక కార్ఖానాలో, డిగ్రీ చదువుతున్న విగ్రహాల మేస్త్రీ కూతురు దీనికో దారి కనిపెట్టింది. చిన్న బొమ్మను గోడంత పెంచి, ముక్కలు చేసి, ఏ-4 కాగితాల మీద అచ్చు వేసిచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పైసా ఖర్చు లేదు. కాగితాలు వరసగా గోడకు అతికిస్తే దేవుడు నిలువెత్తున నిలబడతాడు. తండ్రి దాన్ని చూస్తూ కొలతలు తీసుకుంటాడు. ఆ సాఫ్ట్‌వేర్ సహాయ పేజీలను తెలుగు చేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. వాడేవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో కళ్లారా చూద్దామని వెళ్లాను.

ప్రింటర్ వెనక గోడ మీద కాషాయం రంగుతో, విగ్రహాలకు వేసే బ్రష్షుతోనే, '100%' అని రాసి ఉంది.

"అదేందమ్మా?" అన్నాను.

"అన్నా, పేజీల 'ప్రింట్ నొక్కండి' అని రాసిన్రు గదా. నొక్కిన. ఆరడుగుల దేవుడు అయిదడుగుల తొమ్మిదంగుళాలే వచ్చిండు. నాన్న టేపు పెట్టి చూస్తేగాని తెల్వలే."

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ప్రింట్ కొట్టేముందు వచ్చే పెట్టెలో 'ఫిట్ టు పేజ్' అనే చోట ముందే టిక్కు పెట్టి ఉంది. అంచులు తెగకుండా అది ప్రతి పేజీనీ నూటికి మూడు నాలుగు వంతులు కుదించేస్తుంది. ఉత్తరానికో బిల్లుకో అంత తేడా ఎవరి కంటా పడదు. ముక్కలన్నీ కలిపి నిలబెట్టే బొమ్మలో మాత్రం కిరీటం కొస అంత పోతుంది. టిక్కు తీసేసి వంద శాతం పెడితే సరిపోతుంది. ఈ ముక్క మా పేజీల్లో ఎక్కడా లేదు. ఆ పిల్ల తనంతట తానే కనుక్కుని, ప్రింట్ తీసే తమ్ముడు మర్చిపోకుండా గోడకెక్కించింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు అసలు కరువు ఇక్కడే ఉంది. స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంలలో అతి పెద్ద లోటు ప్రోగ్రాముల్లో కాదు, మంచి స్వేచ్ఛా మాన్యువల్స్ లేకపోవడంలో ఉందని ఆ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ ఎన్నడో రాశాడు. 2017లో కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ చేసిన సర్వేలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ అరకొరగానో పాతబడో ఉంటోందన్నారు. అయినా సాఫ్ట్‌వేర్‌కు చెయ్యి వేసేవాళ్లలో 60 శాతం మంది డాక్యుమెంటేషన్ పని ఎప్పుడో గానీ చెయ్యమనో, అసలే చెయ్యమనో చెప్పారు. కోడ్ రాసినవాడికి అన్నీ తెలుసు కాబట్టి ఏది రాయలేదో అతనికి కనిపించదు. అది కనిపించేది మొదటిసారి వాడేవాళ్లకే. అందుకే ఆ గోడ మీది రాత నాకు చాలా విలువైనదిగా తోచింది.

ఇంగ్లీషు మూలంలో మారితేనే అన్ని భాషల్లోనూ మారుతుంది. "నువ్వే పంపు" అన్నాను. ప్రాజెక్టు సైటులో ఖాతా తెరవడం చూపించాను. రెండు వాక్యాలు తన ఇంగ్లీషులో తనే రాసింది: ఫిట్ టు పేజ్ తీసేసి వంద శాతం పెట్టండి, మొదటి కాగితం రాగానే స్కేలుతో కొలిచి చూడండి. రెండోది నాకైతే తట్టేది కాదు. అది మేస్త్రీ ఇంట్లో పుట్టిన వాక్యం.

"నా పేరు మీదనే పోతది గదా అన్నా? రేపు ఉద్యోగానికి పోతే చూపిస్త" అంది.

ప్రాజెక్టు చూసుకునే ఆయన నుంచి రెండు ముక్కల్లో జవాబొచ్చింది. 'ఇది ప్రింటర్ సంగతి, మనది కాదు. అందరికీ తెలిసిందే.' దాంతో మార్పు చేర్చమని ఆ పిల్ల పంపిన పుల్ రిక్వెస్ట్ మూసేశారు.

"అందరికి తెలిస్తే మా నాన్నకెందుకు తెల్వలే?" అని మాత్రం అడిగిందా పిల్ల.

ఆ సెప్టెంబరు మూడో శనివారం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే వచ్చింది. నగరంలో ఒక కాలేజీలో మా ప్రాజెక్టుకూ స్టాల్ ఇచ్చారు. ఎనిమిదడుగుల చెక్క ఫ్రేము తయారుగా ఉంది. అందులో పెట్టే బ్యానర్ మన సాఫ్ట్‌వేర్‌తోనే చేద్దామని ప్రాజెక్టు చూసుకునే ఆయన ముచ్చటపడి, స్వయంగా అచ్చు వేసి తెచ్చాడు. అతికించి చూస్తే ఫ్రేముకు నాలుగంగుళాలు తక్కువ. ముక్కకూ ముక్కకూ మధ్య తెల్ల గీతలు, అక్షరాలు ఎక్కడికక్కడ తెగి ఉన్నాయి. జనం వచ్చేవేళకు ఆయన నేల మీద కూర్చుని కత్తెరతో అంచులు కత్తిరిస్తున్నాడు.

"ఫిట్ టు పేజ్ తియ్యలేదు సార్. ధూల్‌పేట్ అమ్మాయి పంపింది అదే" అన్నాను.

కాసేపు ఆ కాగితాల వంక చూసి, "నిజమే, అది పేజీలో ఉండాల్సిందే. ఈ రాత్రికే పెట్టేస్తాను" అన్నాడు.

అన్నట్టే పెట్టాడు. ఆ రెండు వాక్యాలూ, స్కేలు సంగతితో సహా, పొల్లు పోకుండా ఇప్పుడు పేజీలో ఉన్నాయి. మార్పుల లెక్క ఉంచే గిట్‌లో రాసినవారి పేరుకు ఒక గడి, చేర్చినవారి పేరుకు మరో గడి వేరువేరుగా ఉంటాయి. రెండింట్లోనూ ఆయన పేరే ఉంది.