ఉచిత రసజ్ఞుడు

పట్టణమునకొక చిత్రశాల యుండుట గొప్ప. ఆ చిత్రశాలలో స్థానిక చిత్రకారులు ఏడాదికి నాలుగైదు మారులు తమ పటములను తెచ్చి తగిలించుట యింకను గొప్ప. కాని ప్రతి ప్రదర్శనమునకును తప్పక విచ్చేసి, ప్రతి పటము నెదుటను నిలిచి, ప్రతి చిత్రకారునకును ఒక సలహా యిచ్చి, ఒక్క పటమైనను కొనక, ప్రసన్నవదనముతో ఇల్లు చేరు మహానుభావుడొకడు ప్రతి పట్టణమునందును గలడు. ఆయనకు జరుగవలసినంత సన్మానము నేటివరకును జరుగలేదు. ఆ కొఱత తీర్చుటకే ఈ నాలుగు మాటలు.

మా రాజమహేంద్రవరమున ఈ జాతి మఱింత ఏపుగా పెరుగుటకు కారణము లేకపోలేదు. ఆర్ట్సు కళాశాల ప్రధానాచార్యుడైన ఆస్వాల్డు కూల్డ్రేదొర గుర్తించి ప్రోత్సహింపగా బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళి చదివివచ్చి, ‘సిద్ధార్థ రాగోదయము’, ‘కార్తీక పూర్ణిమ’ వంటి చిత్రములను రచించి, 1925లో మశూచికము సోకి 28 ఏండ్లు నిండకుండగనే కన్నుమూసిన దామెర్ల రామారావుగారి ఊరిది. ఆయన మిత్రులు వరద వేంకటరత్నముగారు మున్నగువారి పూనికచే ఆ చిత్రములు చెదరిపోక నేటికిని ఈ యూరి చిత్రశాలయందే యున్నవి. అట్టి యూరిలో పుట్టినవానికి చిత్రకళను గూర్చి మాటాడు హక్కు జన్మసిద్ధమని మన రసజ్ఞులవారి విశ్వాసము. రామారావుగారు గతించిన పాతికేండ్లకుగాని తాము భూమిమీద పడకపోయినను, ఆయన రంగులపెట్టె మోసినది తామేయన్నట్లు మాటాడుదురు.

ప్రారంభోత్సవము సాయంకాలము 5 గంటలకని ఆహ్వానపత్రికయందుండును. ముఖ్య అతిథి 6:30కుగాని రాడని యెల్లరు నెఱుగుదురు. అయినను మన రసజ్ఞులవారు 5 గంటలకు ముందే వచ్చి రెండవ వరుసలో నడవప్రక్క కుర్చీయందు ఆసీనులగుదురు. మొదటి వరుస యేల కాదనగా, ఆ వరుసలోనివారిని ముఖ్యులు వచ్చినకొలదియు లేపుట మన సభల ఆచారము. జ్యోతి వెలిగించునపుడు వత్తి అంటుకొనక ముఖ్య అతిథి అగ్గిపుల్లలు వరుసగా వ్యర్థము చేయుచుండగా, “ముందు ఆ ఫ్యాను కట్టండయ్యా!” అని కేకవేయువారు వీరే; ఏ మీట నొక్కిన ఏ ఫ్యాను ఆగునో కార్యదర్శికి తెలియకపోయినను వీరికి తెలియును. ముఖ్య అతిథి, తాను చిన్ననాట డ్రాయింగు గంటలో బడి యెగవేసిన సంగతిని వినయముగా చెప్పుకొని, పిమ్మట ప్రదర్శకులందఱిని ఒక్క ఊపున రవివర్మలను చేసి, శాలువ కప్పించుకొని నిష్క్రమించును. బంధువులు గోడమీది పటముల కడ్డముగా నిలిచి సెల్‌ఫోనులతో తమ పటములు తీసికొందురు. సమోసాలు వచ్చును, తేనీరు వచ్చును, జనము పలుచబడును. అప్పుడు మొదలగును మన రసజ్ఞులవారి దర్శనయాత్ర.

వారు పటమును చూచుటకు ముందు దాని క్రింది చీటిని చూతురు. చీటియందు చిత్రము పేరు, మాధ్యమము, కొలత, వెల వరుసగా నుండును. వారు చదువు క్రమము మాత్రము వెల, కొలత, మాధ్యమము, పేరు. జీవితమంతయు పద్దుల శాఖలో గడపి విరమించినవారగుటచే, వెలను కొలతచే భాగించి చదరపు అంగుళమున కెంత పడెనో మనస్సులోనే తేల్చికొని, ఆ పిమ్మటనే కన్నులెత్తి చిత్రమువైపు దృష్టి సారింతురు. అయితే ‘అమ్మకమునకు కాదు’ అని వ్రాసిన చీటి కనబడినచో వారి ముఖమున కళ మాఱును. ఆ పటమును మాత్రము కొనవలెనని వారికి నిజముగా తోచును. “అయ్యో, ఇదొక్కటే తీసుకుందామనుకున్నాను!” అని పదిమందికి వినబడునట్లు నిట్టూర్తురు. అమ్ముడుపోయిన గుర్తుగా ఎఱ్ఱచుక్క అంటించిన పటము నెదుటను ఇదే నిట్టూర్పు. ఇంటికి కొనిపోవుటకు వీలులేని పటములన్నియు వారికి నచ్చినవే.

తైలవర్ణ చిత్రమైనచో కన్నులు చాలవు. దళసరిగా కత్తితో పూయగా గట్లుగట్లుగా నిలిచిన రంగును, బెండకాయ కొసను విఱిచి ముదురో లేతయో తేల్చువానివలె, చిటికెనవ్రేలి గోటితో మెల్లగా నొక్కి చూతురు. అట్టి రంగు పైకి గట్టిపడినను లోపల నెలలతరబడి పచ్చిగానే యుండునన్న సంగతి వారికి గోటికి నీలమంటిన తరువాతగాని తెలియదు. “ఇంకా ఆరలేదోయ్! ఆరకుండానే తెచ్చేశావు” అని చిత్రకారునే మందలించి, అతడందిచ్చిన చేతిరుమాలుకే వ్రేలు తుడిచి ముందుకు సాగుదురు.

ఇప్పుడు జరుగుచున్న ప్రదర్శనమున ఒక నీటిరంగుల చిత్రము నెదుట వారు చాలసేపు నిలిచిరి. ఉన్నత పాఠశాలలో డ్రాయింగు మాస్టరుగారొకరు వేసిన పటమది. తెల్లవాఱుజామున, మంచులో, పుష్కరాల రేవునుండి కనబడు పాత హేవలాక్ వంతెన. దగ్గఱి స్తంభములు నాలుగైదు ముదురు నీలమున తేటగా నిలిచి, ఆవలివి క్రమముగా పలుచనై, చివరకు కాగితపు తెలుపులోనే కలిసిపోవుచున్నవి. నీటిరంగులలో మంచును పూయరు, కాగితమును విడిచిపెట్టుదురు. ఎచ్చట చేయి ఆపవలెనో తెలియుటయే ఆ విద్యలో కష్టమైన భాగము, ఈ మాస్టరుగారికి అది తెలిసినది. మన రసజ్ఞులవారు చేతులు వెనుకకు కట్టుకొని, పెదవులు కదల్చుచు, తల ఎడమనుండి కుడికి, కుడినుండి ఎడమకు త్రిప్పుచుండగా, తన పటము నెదుట ఒకరు తన్మయులైరని మాస్టరుగారు ఉబ్బిపోవుచు చేరవచ్చిరి.

“మాస్టారూ, ఇది తమరే వేశారా?”

“అవునండి.”

“చూసి వేశారా, చూడకుండా వేశారా?”

“రోజూ రేవుకెళ్ళి కూర్చుని వేశానండి.”

“మరి తొమ్మిదే కనిపిస్తున్నాయేం?”

“ఏవండీ?”

“అంకణాలండీ! స్తంభానికీ స్తంభానికీ మధ్యన. మన వంతెనకి యాభై ఆరుండాలి. ఇటునుంచీ లెక్కపెట్టాను, అటునుంచీ లెక్కపెట్టాను. తొమ్మిది. కష్టపడితే పది.”

“మిగిలినవి మంచులో ఉన్నాయండి.”

“మంచులో ఉంటే ఉన్నట్టు తెలియాలి కదండీ!”

1900లో రైళ్ళను మోయ నారంభించి 1997లో విశ్రాంతి పొందిన ఆ వంతెనకు అంకణములు 56 అన్నమాట సత్యమే. లెక్కలయందు వారిని తప్పుపట్టగలవారు లేరు. మాస్టరుగారు మారుపలుకక నిలువగా వారు ప్రసంగమును దామెర్లవారి మీదికి మరలించిరి.

“రామారావుగారు ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండకుండా అంత పని చేసి వెళ్ళిపోయారు. తమకెన్నేళ్ళండీ?”

“యాభై రెండండి.”

“ఆఁ... ఇంకా వయసుంది లెండి.”

ఈ యభయము నిచ్చిన పిమ్మట చీటిమీది ఆఱువేల రూపాయల వెలను మఱియొకసారి చదివి, “కాగితానికే!” అని, “అద్దం కూడా కలిపేనా?” అని, చివరకు గొంతు తగ్గించి, “మావాడి పెళ్ళిఫోటో ఒకటిస్తాను, ఇంతకంటే కొంచెం పెద్దది వేసిపెట్టకూడదూ? ఊరికే వద్దులెండి, రంగులకయ్యింది నేనే ఇచ్చుకుంటాను” అని మనవి చేసిరి. మాస్టరుగారు నవ్విన నవ్వు ఏ రసమునకు చెందునో భరతముని యెచ్చటను చెప్పినట్లు లేదు.

నైరూప్య చిత్రముల యెదుట తక్కినవారు బిక్కమొగము వేయుదురుగాని, వారికి ఆ చింతయే లేదు. ఎట్టి రంగుల కలయికయందైనను విఘ్నేశ్వరుని దర్శింపగల దివ్యదృష్టి వారికి గలదు. ఒక ప్రదర్శనమున కళాశాల విద్యార్థిని యొకతె ఎఱుపు, పసుపు రంగులను ఆవేశముతో కలియబోసి ‘సంఘర్షణ’ యని పేరుపెట్టిన పటమును చూపి, “అదుగో తొండం, ఇదుగో బొజ్జ. ఈ మూలన నల్లగా ఉన్నది ఎలుక. భలే వేశావమ్మా!” అనిరి. “అది వినాయకుడు కాదు తాతగారూ, మనసులోని సంఘర్షణండీ” అని ఆ పిల్ల దాదాపు ఏడ్చుచు చెప్పగా, “ఆ సంఘర్షణలు పోవాలనే కదమ్మా ఆయనకి దణ్ణం పెట్టుకునేది!” అని సర్దిచెప్పిరి. మఱుసటి ప్రదర్శనమున అదే పటము, అదే చట్రము, చీటిమీద మాత్రము ‘గణాధిపతి’ అని యుండెను. మొదటి సాయంకాలమే గృహప్రవేశము పెట్టుకొన్నవారెవరో కొనిపోయిరి. ఆ యమ్మాయి వీరికి కృతజ్ఞత చెప్పినదో లేదో నాకు తెలియదుగాని, చెప్పవలసియుండెను.

యాత్రాంతమున ద్వారముకడ బల్లపై నుంచిన అభిప్రాయముల పుస్తకము. తక్కినవారు ‘బాగున్నవి’ అని సంతకముచేసి పోవుచోట వీరు కుర్చీ లాగుకొని కూర్చుండి, కలము విదిల్చి, పుట నింపుదురు. ఆ గ్రంథమును తిరుగవేయు భాగ్యము నాకొకమారు కలిగినది. వారి వ్రాత సారాంశమిది: చిత్రములన్నియు ముచ్చటగా నున్నవి, ప్రయత్నము అభినందనీయము, కృషి సాగించినచో దామెర్లవారంతటివారు కాగలరు, రవివర్మ పటములలోని చీరల జరీ వలె ఇచ్చటి చీరలు మెఱయుటలేదు, దక్షిణపు గోడమీది దీపముల వెలుగు అద్దములపై పడి చూచువారి ముఖములే కనబడుచున్నవి, సమోసాలలో ఉప్పు తక్కువ, హాలునకు మఱి రెండు ఫ్యానులు వేయించవలెను. ఇందు దీపములను గూర్చిన మాట ముమ్మాటికిని నిజము. అంతకుముందు పదిమంది పెద్దలు వచ్చి పొగడిపోయిరిగాని ఆ సంగతి యెవరికిని తట్టలేదు. మఱునాడు కార్యదర్శి దీపముల తలలు పైకి త్రిప్పించెను.

నవ్వవలసినంత నవ్వితిమి. ఇక రెండవనాటి మధ్యాహ్నము రెండుగంటల వేళ ఆ శాలలోనికి వెళ్ళి చూడుడు. శాలువ లేదు, సమోసా లేదు. చిత్రకారుడు ప్లాస్టిక్కు కుర్చీలో కూర్చుండి ద్వారమువైపు చూచుచుండును. చట్రములకు, అద్దములకు, అట్టలకు, ఆహ్వానపత్రికలకు, హాలు అద్దెకు, పటములను తెచ్చిన ఆటోకు అతడు ముందుగానే చెల్లించియున్నాడు. ఒక్క పటమును అమ్ముడుపోనిచో ఆ యాటోకే మరల చెల్లించి అన్నిటిని ఇంటికి చేర్చి మంచముక్రిందికి త్రోయవలెను. ఎఱ్ఱచుక్క పడినదనినను అది చాలమారులు మేనమామదో, పిన్నిగారిదో యైయుండును. ఆ వేళ, ఆ యెండలో, గొడుగు మడచి చంకనిడుకొని లోనికి వచ్చువారెవరు? మన రసజ్ఞులవారే. మూడవనాడును వారే, కడపటినాడును వారే. వచ్చి మరల అంకణములు లెక్కపెట్టుదురు. ఆ వంకనైనను చిత్రకారునితో ఒక మనిషి మాటాడినట్లగును.

రానివారి మాట వేఱు. పాలరాతికి లక్షలు పోసి మేడకట్టి, వాస్తుపండితుడు చెప్పెనని ఏడుగుఱ్ఱముల అచ్చుపటమొకటి బజారున తెచ్చి హాలులో తగిలించి, గోడ నిండినదని తృప్తిపడు గృహస్థులు మా వీథికి పదిమంది యున్నారు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రము పెట్టినది, దేవుని పటము ఏ బీదవాని గోడకైనను అందవలెనని. ఆ కాలమున చిత్రకారుడు సామాన్యున కందనంత దూరముననుండెను. ఇప్పుడతడు ప్రక్కవీథిలో నుండి, పాలపాకెట్టు కొనునపుడు మనకు ఎదురుపడి నమస్కరించుచున్నాడు. మనము గుఱ్ఱములకొఱకు బజారునకు పోవుచున్నాము. వీరెవ్వరును ఒక్కనాడైన చిత్రశాల మెట్లెక్కరు. ఎక్కరు గనుక వీరిని గూర్చి హాస్యము వ్రాయుటకైనను వీలులేదు.

కావున చదువరులకు నా మనవి యొక్కటే. మీ యూర ఇట్టి ప్రదర్శనమెన్నడైన జరిగినచో, ప్రారంభోత్సవపు సాయంకాలము కాక మఱియొక మధ్యాహ్నము పొండు. గోటితో మాత్రము గీకకుడు. వీలున్నచో పిడికెడంత పటమైనను, చిత్రకారుడడిగిన వెలకే కొని తెచ్చుకొనుడు. మా యూరి ప్రదర్శనము ఆదివారము రాత్రి 8 గంటలకు ముగియును. మంచులోని వంతెన పటమునకు ఇంకను ఎఱ్ఱచుక్క పడలేదు.