వర్ణసామ్యవాది

ఇల్లు కట్టుకునేవారిని మన పల్లెల్లో పూర్వం నుంచీ రెండు తెగలుగా చెప్పుకుంటూ వచ్చారు: వాస్తుకు భయపడేవారు ఒక తెగ, అప్పుకు భయపడేవారు ఇంకో తెగ. సిద్దిపేట జిల్లా చిన్నకోడూరులోనూ, ఆ మండలంలోని చుట్టుపక్కల ఊళ్లలోనూ ఈ మధ్య తరచుగా ఎదురుపడుతున్న మూడో తెగకు ఈ రెండు భయాలూ లేవు. ఈశాన్యం మూరెడు తగ్గినా, బ్యాంకు కిస్తీ బారెడు పెరిగినా సర్దుకుంటుంది గాని, దర్వాజ రంగుకూ టీవీ గూటి రంగుకూ పొంతన కుదరలేదంటే ఆ తెగవాడికి కంటి మీద కునుకు పడదు. ఇంట్లో ఉన్న కలప యావత్తూ ఒకే రంగులో ఉండి తీరాలని నమ్మే ఈ గృహస్థుకు ఇంతవరకు ఏ శాస్త్రమూ పేరు పెట్టలేదు కనుక ‘వర్ణసామ్యవాది’ అనడం సబబు. వర్ణభేదాలు నశించాలని సభల్లో ఉపన్యసించినవారు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. ఆ మాటను రాజీ లేకుండా ఆచరణలో పెట్టబూనినవాడు ఇతడొక్కడే, అదీ కర్రముక్కల మధ్య మాత్రమే.

ఇతడు యాభై అయిదు దాటినవాడు, ఉద్యోగం నుంచి విరమించినవాడో రేపోమాపో విరమించబోతున్నవాడో అయి ఉంటాడు, ఊళ్లో చిన్నాపెద్దా చేత ‘సారు’ అనిపించుకుంటాడు, మూడు దశాబ్దాలు రిజిస్టర్లలో నిలువు మొత్తమూ అడ్డం మొత్తమూ సరిచూసిన అలవాటు వల్ల లోకంలో ఏ రెండు వస్తువులు పక్కపక్కన కనబడినా అవి కలిసినయా లేదా అని చూడకుండా ఉండలేడు. ఇతడిని గుర్తుపట్టడానికి ఒక్క లక్షణం చాలు: చొక్కా జేబులో కళ్లజోడు ఉండవలసిన చోట అగ్గిపెట్టెంత టేకు ముక్క ఉంటుంది. దర్వాజ చేయగా మిగిలిన తుండు నుంచి వడ్లాయన చేత, అంటే ఈ ప్రాంతపు మాటలో వడ్రంగి చేత, కోయించి పెట్టుకున్న ఆ ముక్కను అతడు ‘శాంపిలు’ అంటాడు. పెండ్లికి పోయినా, బ్యాంకుకు పోయినా, చివరికి చావు పరామర్శకు పోయినా అది వెంట ఉండవలసిందే. ఎదుటివారి కిటికీ రెక్క మీద ఆ ముక్కను ఆనించి, ఒక కన్ను మూసి చూసి, “వీళ్లది జర ఎర్రగున్నది” అని తేల్చుకున్న తరవాతనే పోయినవారికి ఏమైందని అడుగుతాడు. ఈ మండలంలోని చంద్లాపూర్ దగ్గర 3 టీఎంసీల రంగనాయకసాగర్ జలాశయంలోకి 2020 ఏప్రిల్‌లో గోదావరి నీళ్లు చేరినప్పటి నుంచి, ఇంటికి వచ్చిన చుట్టాలను ముందు సాగరు కట్ట మీదికీ తరవాత తన హాల్లోకీ తీసుకుపోవడం ఇతడు పెట్టుకున్న క్రమం. కట్ట మీద అయిదు నిమిషాలు, హాల్లో గంటన్నర.

ఇతడి కష్టానికి కారణం ఇతడి ఇంట్లోనే ఉంది. పల్లెటూరి ఇల్లు ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్న సామానుతో నిండదు. మూడు తరాలవాళ్లు తలా ఒక చెట్టును తెచ్చి అందులో పెడతారు. తాత పడుకున్న నులకమంచానికి తుమ్మ కోళ్లు ఉంటాయి, బండి ఇరుసుకూ నాగలికీ పనికివచ్చిన ఆ కర్ర చెమటా నూనే తాగి నేరేడు పండు రంగుకు వచ్చి ఉంటుంది. తండ్రి కట్టిన పెంకుటిల్లు విప్పినప్పుడు దక్కిన మద్ది దూలాలు నలభై ఏళ్ల పొయ్యి పొగకు పైన నల్లబారి, మిల్లులో కోస్తే లోపల ముదురు గోధుమ రంగులో బయటపడతాయి. పారేయడానికి మనసొప్పక వాటిని అర్రల్లో అలమారాల అరలుగా వేయిస్తాడు. పెరట్లో కొట్టిన వేప, పురుగు పట్టదన్న పేరు మీద, లోపలి గదుల చౌకట్లుగా మారి ఎర్రటి ఛాయలో నిలుస్తుంది. ఇల్లాలి పెండ్లినాటి డబుల్ కాటుకు జిట్రేగి రంగు పాలిష్ ఉంటుంది, దానితో పాటు వచ్చిన ఇనుప బీరువాకు చెక్క చారలను తలపించే పెయింటు ఉంటుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు షీషమ్ భోజనబల్ల పంపుతాడు, పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు చెప్పుల అల్మారా కోడలు తెప్పిస్తుంది. వీటన్నిటికీ ఎదురుగా, ముహూర్తం పెట్టి పసుపు కుంకుమలతో నిలబెట్టిన టేకు దర్వాజ. మొత్తం ఎనిమిది గోధుమ రంగులు, వాటిలో ఏ రెండింటికీ మాటల్లేవు.

టేకు అనేది ఒక రంగు పేరని వర్ణసామ్యవాది నమ్మకం. అది చెట్టు పేరు మాత్రమే, పైగా ఆ చెట్టుకు రంగు విషయంలో బొత్తిగా నిలకడ లేదు. లేత ఆకును అరచేతుల్లో నలిపితే గోరింట పెట్టినట్టు ఎర్రగా పండుతుందని పశువులు కాచిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. అదే చెట్టును కోతమిల్లులో కోస్తే చెక్క పసుపుపచ్చగా, అక్కడక్కడ మరకలతో వస్తుంది. గాలీ వెలుతురూ తగిలే కొద్దీ మరకలు సర్దుకుని బంగారు ఛాయకు తిరుగుతుంది, ఏళ్లు గడిస్తే ముదురుతుంది, ఎండావానలకు వదిలేస్తే బూడిద రంగుకు దిగుతుంది. ఇది చాలదన్నట్టు ఒక్క మొద్దులోనే రెండు రంగులుంటాయి: నడుమనున్న ముదురు గట్టి భాగం చేవ, దాని చుట్టూ చెట్టు బతికున్నప్పుడు నీళ్లు మోసిన పాలిపోయిన మెత్తటి భాగం. మనిషిని చేవ గలవాడనీ చేవ చచ్చినవాడనీ అనేది ఈ చేవను బట్టే. పొలం గట్టు మీద పెంచి తొందరపడి కొట్టిన టేకులో చేవ సన్నగా, తెలుపు వెడల్పుగా ఉంటుంది కనుక, మన సారు గట్టు టేకును దగ్గరికి రానివ్వక ‘సీపీ టేకు’ కోసం పట్టుబడతాడు. సీపీ అంటే ఇంగ్లీషువాళ్ల కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్. ఆ రాష్ట్రం ఏనాడో పోయింది గాని టింబర్ డిపోల్లో దాని పాలన ఇంకా నడుస్తున్నది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా బల్లార్షా నుంచి 2023 మార్చిలో అయోధ్య గుడికి టేకు పోయిందనీ, ఆ తలుపులు చెక్కింది హైదరాబాదు సంస్థవారేననీ అతడు ప్రతి చుట్టానికీ చెబుతాడు. ఈ రెండూ నిజమే. ఆ రెండు నిజాల మధ్య తన దర్వాజను నిలబెట్టడంలోనే అతడి నేర్పు ఉంది.

కొనుగోలు లెక్క కూడా అతడికి ప్రాణప్రదమైన విషయం. దుంగను కొలిచే పాత పద్ధతిలో చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చవేసి పొడవుతో గుణిస్తారు. 48 అంగుళాల చుట్టూ 10 అడుగుల పొడవూ ఉన్న దుంగ ఆ లెక్కన 10 ఘనపుటడుగులు తేలుతుంది, రేఖాగణితం ప్రకారమైతే అది 12.7కు పైనే. మిగిలిందంతా బెరడుకూ పొట్టుకూ వదిలేసిన వాటా. సారు మాత్రం దుంగకు రెండు ముప్పావు అడుగుల కలప ఉచితంగా తనకు దక్కిందని ఈనాటికీ నమ్ముతాడు, ఆ ఉచిత కలప రంపపు పొట్టయి మిల్లు వెనక కుప్పబడి ఉండగా తనే స్వయంగా చూసి వచ్చినప్పటికీ.

దర్వాజ తెచ్చాక, దానికి జోడు వెతకడానికి సిద్దిపేట ప్రయాణాలు మొదలవుతాయి. అక్కడి ప్లైవుడ్ దుకాణంలో అతడి ముందు పెండ్లి ఆల్బమంత బరువైన పుస్తకాలు పరుస్తారు. వాటిలో ఉన్నవి లామినేటు ముక్కలు, ఇంటివారి భాషలో సన్‌మైకా. లామినేటు అంటే జిగురు రసాయనంలో ముంచిన కాగితాలను పొరలు పొరలుగా పేర్చి, వేడి మీద అదిమి, ఒక మిల్లీమీటరు మందాన చేసిన రేకు. దాని పై పొరలో కనిపించే చెక్క చారలు కాగితం మీద అచ్చు వేసిన చెట్టు బొమ్మ. వాల్‌నట్, ఓక్, మేపుల్, చెర్రీ, మధ్య ఆఫ్రికా అడవుల వెంగే అని వాటికి పేర్లుంటాయి. చిన్నకోడూరు పొలిమేరలో ఈ చెట్లలో ఒక్కటీ మొలవలేదు కనుక ఏది అసలో ఏది నకలో తేల్చగలవాడు ఊళ్లో లేడు, అమ్మకానికి ఇంతకన్న అనుకూలత మరొకటి ఉండదు. సారు జేబులోని శాంపిలు తీసి ఒక్కొక్క పుట మీద పెట్టి, దుకాణం దీపాల కింద నాలుగు గంటలు చూసి, అణువంత తేడా లేని రేకును ఎంచి, పది పలకలు కొని ఇంటికి తెస్తాడు. ఇంట్లో ఎండపొడకు ఆ రేకు గులాబీ ఛాయలో, టేకు పసుపు ఛాయలో కనిపిస్తాయి. ఒక దీపం కింద ఒకటిగా కనబడిన రెండు రంగులు మరో వెలుతురులో విడిపోవడం భౌతికశాస్త్రంలో తెలిసిన సంగతే, చీర కొనే ఆడవారు అందుకే దాన్ని కొట్టు గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తారు. ముప్పై ఏళ్లు చీరల దుకాణం బయట సంచులు పట్టుకుని నిలబడ్డ మనిషి ఆ పని ఎందుకు చేస్తున్నారో ఏనాడూ అడగలేదు.

ఇక మిగిలింది వడ్లాయన. సారు వేప చౌకట్టు ముందు నిలబడి దీన్ని టేకు రంగుకు తేవాలని ఆజ్ఞాపిస్తాడు. వడ్లాయన ఏమీ మాట్లాడక, చిత్రిక పట్టిన చోట తడి గుడ్డతో ఒక్కసారి తుడుస్తాడు. పాలిష్ వేస్తే చెక్క ఏ రంగుకు వస్తుందో తడిపి చూడడం ఆ వృత్తిలో పాత కిటుకు. తడిసిన మేర వేప కందిపోయినట్టు ఎర్రబడి, ఇద్దరూ చూస్తుండగానే ఆరిపోతుంది.

“చెట్టు ఏ రంగుల పుట్టిందో ఆ రంగుకే వస్తది సారూ. మనం చెప్తే ఇంటదా?”

సారు వినడు, కర్రా వినదు. సుద్దపొడిలో పసుపు మట్టి కలిపి నరాలు పూడుస్తారు, చపడా లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పూతలు పూస్తారు, తేలికైతే జేగురు కలుపుతారు, ముదిరితే ఉప్పుకాగితంతో గీకి మళ్లీ మొదలుపెడతారు. పాలిష్ మేస్త్రి రోజుకూలీకి ఒప్పుకున్నవాడు కనుక అతడికి ఈ పరిశోధనలో ఏ అభ్యంతరమూ కనిపించదు. ఏడో పూత నాడు ఇల్లాలు చాయ తెచ్చి అరుగు మీద పెట్టి, “ఒక్క కడుపున పుట్టిన మనుషులే కలుస్తలేరు, కర్రలు కలువాల్నా?” అని లోపలికి పోతుంది. అన్నదమ్ముల భూమి పంపకం గురించి ఊరందరికీ తెలుసు గనుక మేస్త్రి తల వంచుకుని పూత పూస్తూనే ఉంటాడు.

గృహాలంకరణ తెలిసినవారెవరూ ఇతడిని సమర్థించరు. వారి దృష్టిలో చూడవలసింది చెక్క ముదురా లేతా అన్నది కాదు, దాని అడుగు ఛాయ: టేకు కింద పసుపు, వేప కింద ఎరుపు, వాల్‌నట్ కింద తరచుగా బూడిద రంగు దాగి ఉంటాయి. ఒక కలపను గదికి పెద్దగా నిలిపి, దానికన్న స్పష్టంగా ముదురైనదో లేతదో పక్కన పెట్టి, రెండోది గదిలో ఇంకొక చోట కూడా కనబడేలా చూస్తే కంటికి ఇంపుగా ఉంటుందనీ, కలిసీ కలవనట్టున్న రెండు రంగులే అన్నిటికన్న ఎబ్బెట్టనీ వారంటారు. ప్యాంటుకు సరిపోయీ సరిపోని కోటు వేసుకున్నవాడిని చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మైసూరు పనివారు జిట్రేగి పలకలో తక్కిన చెట్ల ముక్కలను వాటి వాటి సొంత రంగులతోనే పొదిగి ఏనుగులనూ ఊరేగింపులనూ తీర్చుతారు. తేడాయే అక్కడ కళ. శాస్త్రం కావాలంటే అదీ ఉంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో మంచాలకూ ఆసనాలకూ తగిన కలపలను చెబుతూ, టేకునూ సాలనూ విడివిడిగా వాడినా కలిపి వాడినా శుభమేనన్నాడు. ముహూర్తం విషయంలో పంచాంగాన్ని తు.చ. తప్పక పాటించే సారు ఈ ఒక్క విషయంలో వరాహమిహిరుడికి కాస్త తొందరపాటు ఉందంటాడు.

చివరికి అతడు గెలుస్తాడు. ఓర్పూ సొమ్మూ ఒకే వారంలో అయిపోగా, సిద్దిపేట నుంచి ముదురు గోధుమ రంగు పెయింటు డబ్బాలు వస్తాయి. వేప, మద్ది, షీషమ్, పార్టికల్ బోర్డు, ఇనుప బీరువా, ఆ ఊపులో కూలర్ స్టాండు కూడా, అన్నీ ఒక్క రంగులో మునుగుతాయి, తేడా కనబడకూడదని ఆఖరున టేకు దర్వాజకు సైతం ఒక చేయి వేయిస్తాడు. గృహప్రవేశం నాటికి ఇంట్లో వర్ణభేదం మచ్చుకైనా లేదు, కడప ఒక్కటి తప్ప. దాని మీద ఇల్లాలు తెల్లవారుజామునే దిట్టంగా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది, అక్కడ సారు మాట చెల్లదు. వచ్చిన చుట్టం దర్వాజను వేలితో తట్టి, “ఏం కర్ర బావా, వేపనా?” అని అడుగుతాడు.

సమసమాజం వచ్చింది గాని, అందులో డబ్బు పోసి కొన్న ఆసామి ఎవరో తెలియకుండా పోయింది. అన్నీ ఒకటిగా కనబడాలనీ, తన టేకు మాత్రం టేకుగానే కనబడాలనీ కోరుకున్న మనిషికి ఆ ప్రశ్నతో జ్ఞానోదయమైంది. ఆ సాయంత్రమే జేబులోని శాంపిలు బయటికి వచ్చి, హాల్లోని అద్దాల అలమారలో విరమణ సభనాటి జ్ఞాపికకూ చేర్యాల బొమ్మకూ మధ్య కూర్చుంది. చుట్టాలు రాగానే దాన్ని తీసి, దర్వాజకు ఆనించి, లోపలున్నది ఇదేనని చూపించడం సారుకు నిత్యకృత్యమైంది. కిటికీ వెలుతురు నేరుగా పడే చోటు కావడం వల్ల మూడేళ్లలో ఆ ముక్క బాగా ముదిరింది. ఇప్పుడది ఇంట్లో దేనితోనూ కలవదు.