భయ్యా సూత్రానికి తిరుమంగళ వ్యాఖ్య

మూలం: "భయ్యా, మదురై టెంపుల్ కిధర్? ఇంకా ఎంత దూర్?"

అవతారిక: మదురైకి నైరుతి దిక్కున, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, గుండారు ఒడ్డున ఉన్న ఊరు తిరుమంగళం. రాజపాళయం నుంచి వచ్చే రోడ్డు కన్యాకుమారి హైవేను ఇక్కడే కలుస్తుంది. శబరిమలలో దర్శనం ముగించుకుని చెంగోట మీదుగా మదురై వెళ్ళే తెలుగు స్వాములు బస్సు దిగి టీ తాగడానికి అనువైన చోటు. సూత్రకర్త ఫలానా అని చెప్పలేం, బస్సుకు నలభైమంది ఉంటారు.

ప్రతిపదార్థం: భయ్యా = హైదరాబాదు దాటితే దేశమంతా హిందీయే అనే నమ్మకంతో పెట్టిన పిలుపు. మదురై సీమలో "అణ్ణే" అంటారు. సూత్రకర్త తన భాషలోనే "అన్నా" అని ఉంటే సగం పని అయిపోయేది. టెంపుల్ = మీనాక్షమ్మ గుడి. అమ్మవారి పెళ్ళికి తిరుమాంగల్యం చేసింది ఈ ఊళ్ళోనేనని స్థలపురాణం. పుస్తె చేసిన ఊళ్ళో నిలబడి పెళ్ళికూతురి ఇల్లెక్కడని అడుగుతున్నాడన్నమాట. కిధర్ = బస్సు బోర్డు మీది తమిళం చదవడం రాదనుటకు మర్యాదపూర్వక రూపం.

ఇతడు పొరుగూరివాడని గుర్తించడమెలా? నల్లబట్టలే లింగమని పూర్వపక్షులు. కుదరదు. తమిళ స్వాములూ నలుపో నీలమో కాషాయమో కడతారు. నంబరు ప్లేటే ప్రమాణమని సిద్ధాంతం. అందులోనూ ఒక చిక్కుంది. 2019 నుంచి ఆంధ్రలో కొత్త బండ్లన్నిటికీ జిల్లాతో పని లేకుండా ఏపీ 39తో మొదలైన ఒకే వరుస ఇవ్వడంతో, అంకె చూసి జిల్లా పసిగట్టే విద్య మూలబడింది. తెలంగాణ బండ్లయితే 2024 మార్చి నుంచి టీఎస్ వదిలి టీజీ అయ్యాయి. ప్లేటు కనబడకపోతే భోజనం దగ్గర తేలుతుంది: సాంబారు వడ్డిస్తుండగానే సంచిలోంచి ఆవకాయ సీసా బయటికొస్తుంది.

గుర్తుపట్టడంలో పట్నానికీ పల్లెపట్టుకీ తేడా ఉంది. మదురై గుడి వాకిట్లో అది జీవనోపాధి. పూలమ్మేవారూ ఆటోవారూ గైడ్లూ మనిషిని చూడగానే ఏ భాషలో బేరమాడాలో తేల్చుకుంటారు. తిరుమంగళంలో గుర్తుపట్టిన టీ కొట్టతనికి కావలసింది మాటలు. "ఏ ఊరు స్వామీ మీది?" అంటాడు, తెలుగులో.

ఇక్కడ సూత్రకర్త నోట టీ చల్లారుతుంది. "మీకు తెలుగొచ్చా!"

విశేషం: రాకేం? 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో మొదలుపెట్టిన తెలుగు నాయకుల ఏలుబడి 1736 దాకా సాగింది. విజయరంగ చొక్కనాథుడు (1706–1732) మదురై రాజ్యం ఏలుతూనే తెలుగు వచనంలో మాహాత్మ్యాలు రాశాడు. రాజ్యం పోయినా నాయుళ్ళు, రెడ్లు ఈ చుట్టుపక్కల సేద్యంలోనే ఉండిపోయారు. రాజపాళయం రాజులు సరేసరి. మద్రాసు రాష్ట్రానికి 1949లో ముఖ్యమంత్రి అయిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. వీళ్ళందరికీ బడి చదువు తమిళం, ఇంటి మాట తెలుగు. అందుకే టీ కొట్టతని రెండో ప్రశ్న "ఇంటిపేరేంటి?" అవుతుంది. చుట్టూ ఇనీషియళ్ళతో సరిపెట్టుకునే లోకంలో వీళ్ళు ఇంటిపేర్లు దాచుకున్నారు. సంబంధాలు కలుపుకోవాలంటే అవే ఆధారం. పరదేశినని బెదురుతున్న స్వామి ఇక్కడ వరసలో పడతాడు.

తాత్పర్యం: ప్లేటు చూసి కొట్టతను అతణ్ణి తెలుగువాడని పోల్చుకున్నాడు, కొట్టతణ్ణి ఇతను పోల్చుకోలేకపోయాడు. వ్యాఖ్యాత ఓటు మాత్రం కొట్టతనికే. ఎందుకంటే ఆ తర్వాత అతను చెప్పే సంగతులు ఏ బోర్డు మీదా తెలుగులో ఉండవు: గుడి మధ్యాహ్నం పన్నెండున్నరకు మూసి నాలుగింటికి తెరుస్తారు, లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, కౌంటర్లో ఇచ్చేయాలి.

పాఠాంతరం: ఫోన్లో ఊరిపేరు కొట్టి, మొదట కనబడినదాన్ని నమ్మేవారు కొందరుంటారు. చెన్నై అణ్ణానగరు పక్కన మరో తిరుమంగళం ఉంది, 2017 నుంచి దానికి మెట్రో స్టేషనూ ఉంది. అక్కడ దిగి మీనాక్షి గుడి అడిగే వారి సూత్రానికి టీక రాయడం ఆ పేటవాళ్ళ పని.