అచ్చుగుడ్డ ఆత్మకథ

ముఖమల్‌గా పుట్టినవాళ్లకు సాధారణంగా మంచి జాతకాలే ఉంటాయి. నగల పెట్టెలో అస్తరు, నాటకానికి తెర, ఏమీ కాకపోయినా ఒక దొరసానికి గౌను. నా నుదుట మాత్రం సూక్ష్మజీవులు రాసిపెట్టి ఉన్నాయి. 1950ల మొదట్లో అమెరికాలోని మాడిసన్‌లో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎస్తేరు లెడర్‌బర్గ్ చేతిలో పడ్డాను. ఆవిడ భర్త పేరు జాషువా. ఇద్దరి పేర్లూ తెలుగువాళ్లకు కొత్తవి కావు కనుక, ఆవిడను ఎస్తేరమ్మ అనే పిలుచుకుంటాను.

ఎస్తేరమ్మ నా రంగు చూడలేదు, మెరుపు చూడలేదు. నూగు ఎంత దట్టంగా ఉందో, ఎంత నిటారుగా నిలబడుతుందో చూశారు. నాకు ముందు తన పౌడర్ డబ్బాలోని మెత్తతో ప్రయత్నించారని చెబుతారు. చివరికి నన్ను చదరంగా కత్తిరించి, ఆవిరి పట్టించి, గాజుపళ్లెం కంటే కాస్త చిన్నదైన గుండ్రటి దిమ్మ మీద పరిచి, చుట్టూ కమ్మీ బిగించారు.

ఇంతకీ నన్ను దింపింది ఒక తగాదాలోకి. అదేమిటంటే, స్ట్రెప్టోమైసిన్ అనే మందు వేస్తే బాక్టీరియా చస్తాయి, కానీ కొన్ని మిగులుతాయి. ఆ మిగిలినవి మందు తగిలాక దాన్ని తట్టుకోవడం నేర్చుకున్నాయా, లేక తట్టుకునేవి అంతకు ముందే గుంపులో ఉన్నాయా? ఆక్స్‌ఫర్డ్‌లో సిరిల్ హిన్షెల్‌వుడ్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్త మొదటి పక్షం. పరిస్థితిని బట్టి కణం తనలోని రసాయన చర్యలను సర్దుకుంటుందని ఆయన వాదన. 'మందు అలవాటైపోయింది, ఇక పనిచేయదు' అని మీ వీధి అరుగుల మీద వినిపించే మాటకు అది పెద్ద దూరమేమీ కాదు. 1943లోనే లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రెండో పక్షమే నిజమని వాదించారు. అయితే వాళ్లు పరీక్షించింది మందును కాదు, బాక్టీరియాను చంపే వైరస్‌ను. పైగా వాళ్ల సాక్ష్యం గణితంలో ఉంది. గణితం చూపిస్తే ఒప్పుకునేవాళ్లు ఎప్పుడూ తక్కువే.

నేను కళ్లకు చూపించాను.

అగర్ పోసిన పళ్లెంలో ఇ. కోలి బాక్టీరియాను పెంచారు. అందులో మందు చుక్క కూడా లేదు. ఆ పళ్లాన్ని నా మీద బోర్లించి సుతారంగా అద్దారు. నా నూగులోని ఒక్కో పోగు తనకు తగిలిన కణాలను ఎక్కడివక్కడే ఎత్తుకుంది. తరవాత స్ట్రెప్టోమైసిన్ కలిపిన పళ్లాలను, దిక్కు తప్పకుండా అంచున గుర్తు చూసుకుంటూ, ఒకదాని వెంట ఒకటి నా మీద అద్దారు. పెడనలో కలంకారీ పనివాళ్లు ఒకే అచ్చును వరసగా వేసుకుంటూ పోతారు చూడండి, అదే పని. కాకపోతే అక్కడ చెక్క గుడ్డకు ముద్ర వేస్తుంది, ఇక్కడ గుడ్డే అచ్చు.

మార్పు తెచ్చేది మందే అయితే, తట్టుకుని మొలిచేవి ఒక్కో పళ్లెంలో ఒక్కో చోట కనిపించాలి. అలా కాలేదు. ఒక పళ్లెంలో ఏ మూల మొలిచాయో పక్కదాంట్లోనూ ఆ మూలే మొలిచాయి. అప్పుడు మందు ఎరగని మొదటి పళ్లెం దగ్గరికి వెళ్లి, సరిగ్గా ఆ మూల నుంచి కొన్ని కణాలు తీసి పెంచారు. మళ్లీ నా మీద అద్దారు, మళ్లీ ఆ మూల వెతికారు. విడత విడతకూ తట్టుకునేవాటి పాలు పెరిగింది. చివరికి పూర్తిగా అవే దొరికాయి. వాటి తాతముత్తాతల్లో ఒక్కటి కూడా స్ట్రెప్టోమైసిన్ మొహం చూసింది కాదు! దంపతులిద్దరి పేర్లతో ఆ వ్యాసం 1952లో అచ్చయింది.

స్ట్రెప్టోమైసిన్ వెళ్లి అతుక్కునేది కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కు. కణం చీలేటప్పుడు జన్యువు నకలులో ఒక్క అక్షరం తప్పు పడితే, రైబోజోమ్‌లోని ఒక ప్రొటీన్ ఆకారం కొంచెం మారి, మందుకు పట్టు దొరకదు. అలాంటి తప్పు వంద కోట్ల కణాల్లో ఒకదానికి పడటం కూడా గగనమే. కానీ ఒక్క పళ్లెంలోనే వందల కోట్ల కణాలు ఉంటాయి. అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. గగనమైనది కూడా అక్కడ రోజూ జరిగేదే.

ఇది గాజుపళ్లెం ముచ్చట మాత్రమే కాదు. బ్రిటన్‌లో క్షయరోగులకు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 1948లో వెలువడ్డాయి. మొదట రోగులు తేరుకున్నారు. కొన్ని నెలలు గడిచేసరికి చాలామందిలో మందుకు లొంగని క్రిములు బయటపడ్డాయి. తోడుగా పాస్ అనే ఇంకో మందు ఇస్తే ఆ బెడద బాగా తగ్గింది. ఒక మందును తప్పించుకునే క్రిమి అరుదు. రెండింటినీ ఒకేసారి తప్పించుకునేది ఇంకెంత అరుదో లెక్క వేసుకోండి. ఇవాళ క్షయ చికిత్స నాలుగు మందులతో మొదలు కావడం వెనక ఉన్న లెక్క అదే. మధ్యలో మిగతావి మానేసి ఒక్కటే వేసుకునేవాళ్లు ఆ ఒక్క మందును క్రిముల గుంపు ముందు ఒంటరిగా నిలబెడుతున్నారు.

నా మీద అద్దే పళ్లాలు జానెడు కూడా ఉండవు. ఊరి బయట పళ్లాలు చాలా పెద్దవి. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం ఒకటి ఉంది. అక్కడి నుంచి బయటికి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే బాక్టీరియాను చంపే మందు ఉందని 2007లో ఒక అధ్యయనం చెప్పింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అక్కడ మందును తట్టుకునే క్రిముల ఏరివేత జరగడానికి ముఖమల్ అక్కర్లేదు, దిమ్మ అక్కర్లేదు.

మళ్లీ ఎస్తేరమ్మ దగ్గరికి వస్తే, 1958లో జాషువా గారికి నోబెల్‌లో సగం వచ్చింది, మిగతా సగం బీడిల్, టేటమ్ పంచుకున్నారు. ఆ బహుమతి బాక్టీరియాలో జన్యువులు ఎలా కలుస్తాయో కనిపెట్టినందుకు. ఆ జన్యువుల పనిలో ఎస్తేరమ్మ చెయ్యీ ఉంది. బాక్టీరియాకు సోకే లాంబ్డా అనే వైరస్‌ను మొదట చూసింది ఆవిడే. ఆవిడకు బహుమతిలో పాలు దక్కలేదు. నేను గుడ్డను, పక్షపాతం ఉంటుంది, అయినా అది సబబనిపించలేదు.

నాకు అంతుపట్టనిది ఒకటి జపాన్‌లో బయటపడింది. 1950ల్లో అక్కడ జిగట విరేచనాల క్రిములు సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ ఒక్కసారే లొంగకుండా పోయాయి. (టెట్రాసైక్లిన్ వంశంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచే.) నకలులో నాలుగు తప్పులు ఒకేసారి పడటం దాదాపు అసాధ్యం. తేలిందేమిటంటే, నాలుగు మందుల విరుగుళ్లూ ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టలో మూటగా ఉన్నాయి. ఆ మూట ఇ. కోలి నుంచి విరేచనాల క్రిమికి, ఒక జాతి నుంచి ఇంకో జాతికి చేతులు మారుతుంది. పుట్టుకతో రావాల్సిన పని లేదు.

ఆ విద్య ముందు నా నూగు పనిచేయదు. ఏది ఎక్కడ మొలిచిందో చెప్పగలను గానీ, ఎవరి నుంచి ఎవరికి చేరిందో నా ముద్రలో పడదు. ఆ మూటల లెక్క చూడటానికి ఎస్తేరమ్మ నన్ను వాడలేదు. 1976 నుంచి 1986 దాకా స్టాన్‌ఫర్డ్‌లో ప్లాస్మిడ్ రిఫరెన్స్ సెంటర్‌ను నడిపారు. కొత్త ప్లాస్మిడ్ దొరికినవాళ్లు ఆవిడకు రాసేవాళ్లు. దాని పేరు ఇంకొకరు వాడేసినది కాకుండా చూసి, ఆవిడ ఆ పేరును పట్టికలో చేర్చేవారు.